కుడిచేతి నకలు

లేబుల్ అంటించడం కూడా ఒక పనేనా అనేవాళ్ళంటే నాకు ఒళ్ళు మంట. సీసా మీద కాగితం ముక్క అతికించడమేగా అంటారు. ఆ కాగితం ముక్క నన్ను నాలుగు నెలలు ముప్పుతిప్పలు పెట్టి మూడు చెరువుల నీళ్ళు తాగించింది. ఆ తర్వాత జరిగింది తలుచుకుంటే ఆ నాలుగు నెలలే నయం అనిపిస్తుంది.

నా పేరు ఎమెట్ రౌష్. 1957లో డేటన్ ఊళ్ళో లెన్‌హార్ట్ గారి వర్క్‌షాపులో పనిచేసేవాణ్ణి. ఎవరికి ఏ యంత్రం కావాలన్నా గీసి, చేసి, నడిపి చూపించడం నా పని. ఆ ఏడు ఒక కంటిమందు కంపెనీ మా దగ్గరికి వచ్చింది. వాళ్ళ సీసాలకి చేత్తో లేబుళ్ళు అంటిస్తున్నారట, ఆ పని యంత్రం చెయ్యాలట.

జిగురు పూసిన లేబుళ్ళు మైనపు కాగితం మీద వరసగా, చుట్టలుగా వస్తాయి. ఆ కాగితాన్ని పల్చటి రేకు అంచు మీదుగా గభాలున వెనక్కి మడిచి లాగితే కాగితం మడత తిరుగుతుంది, లేబుల్ తిరగదు. కాగితాన్ని వదిలేసి మూతి ముందుకి చాచి నిలబడుతుంది. అంతవరకూ ఎవరైనా చేస్తారు, అప్పటికే చేశారు కూడా. అట్లా మూతి చాచినదాన్ని ముడత లేకుండా సీసాకి అదమడం ఉందే, మా బండి అక్కడ ఆగిపోయింది. కంటిమందు సీసాలు చూడ్డానికి గుండ్రంగా ఉంటాయి గానీ ఒక్కటీ నిజంగా గుండ్రం కాదు. కుచ్చుతో తుడిచి చూశాను, స్పంజి పెట్టాను, రబ్బరు రోలర్ పెట్టాను. ప్రతి పది సీసాల్లో మూడింటికి ముడత.

లెన్‌హార్ట్ గారు పొద్దున్నే వచ్చి బల్ల మీద సీసాలు తిప్పి చూసేవారు. "ఏమయ్యా ఎమెట్, ఈ సీసాలకి మనకంటే ముందే ముసలితనం వచ్చినట్టుందే" అనేవారు. నాకు నవ్వు వచ్చేది కాదు.

చివరికి విసిగిపోయి, చేత్తో ఎట్లా చేస్తున్నారో చూద్దామని కంపెనీ ప్యాకింగ్ హాలుకి వెళ్ళాను. పదకొండు మంది ఆడవాళ్ళు బెంచీల ముందు నిలబడి అంటిస్తున్నారు. సగంమంది కెంటకీ కొండల నుంచి పని కోసం మా ఊరు దిగొచ్చినవాళ్ళే. వాళ్ళలో పెద్దది డెల్ఫియా కూంబ్స్. యాభై ఎనిమిదేళ్ళు ఉంటాయి. భర్త బొగ్గుగనిలో పోయాడు, పిల్లల్లేరు. పెద్దవాళ్ళని అత్త అని పిలవడం ఆ కొండలవాళ్ళ అలవాటు కాబట్టి హాలందరికీ ఆమె డెల్ఫియా అత్త. వారం తిరిగేసరికి నాకూ అత్తే అయింది.

నిమిషానికి ఇరవై రెండు సీసాలు. ముడత అన్న మాటే లేదు. రెండు రోజులు ఆమె పక్కనే నిలబడి చూస్తే గానీ కిటుకు అంతుపట్టలేదు. లేబుల్ మీద అరచెయ్యి ముందుకి వెళ్ళి, సగం దారిలో వెంట్రుకవాసి ఆగి, మళ్ళీ వెళుతోంది. ఆ కాస్త ఆగడంలో లోపలి గాలి పక్కకి తప్పుకుంటోంది.

"అత్తా, మధ్యలో ఎందుకు ఆపుతున్నావు?" అని అడిగాను.

"నేనెక్కడ ఆపానయ్యా? ఆపితే ఆ సూపర్‌వైజరు ఊరుకుంటాడా?"

ఆమెకే తెలియదు. అదొక్కటి దొరికితే చాలు నాకు. మర్నాడు ఒక పెన్సిలు, దారం పట్టుకెళ్ళి పెన్సిల్ని ఆమె మణికట్టు కింద కట్టాను. దాని కింద కాగితం పట్టీ నెమ్మదిగా జరిగేటట్టు చిన్న మోటారు పెట్టాను. ఆమె సీసాలు అంటిస్తుంటే చెయ్యి పోయిన దారి కాగితం మీద గీతగా పడుతుంది.

"ఏందయ్యా ఇది, గొడ్డుకి పలుపేసినట్టు?" అంది.

"నీ చెయ్యి ఎట్లా తిరుగుతుందో గీసుకుంటా. నొప్పేం ఉండదు."

"నొప్పి సంగతి కాదు. మా కొండల్లో మనిషి కొలత తీసేది శవప్పెట్టె చేసే వడ్రంగి ఒక్కడే. వాడైనా పోయిందాకా ఆగుతాడు."

పక్క బెంచీల్లో నవ్వులు. ఆమె నవ్వలేదు గానీ చెయ్యి వెనక్కి తీసుకోనూ లేదు. యంత్రం వచ్చాక దాని పక్కన కుర్చీ వేసుకుని చూసుకునే పని ఆమెకే ఇస్తామని కంపెనీవాళ్ళు మాటిచ్చి ఉన్నారు. పదిహేనేళ్ళు నిలబడ్డ కాళ్ళకి కుర్చీ అంటే చిన్న ఆశ కాదు. ఆ రోజు నాలుగొందల సీసాల గీత తీసుకుని ఇంటికి వచ్చాను.

ఆ గీతని ఉక్కులోకి దించడం నాకు తెలిసిన పనే. క్యామ్ అంటాం మేము. అంచు వంకరగా ఉండే ఉక్కు బిళ్ళ అది. తిరుగుతుంటే దాని అంచుకి ఆనుకున్న చువ్వ ఆ వంకరల ప్రకారం ఆడుతుంది. అత్త చేతిగీతని ఆ బిళ్ళ చుట్టూ గీసి, పదకొండు రోజులు ఆకురాయితో అరగదీశాను. వెంట్రుకవాసి ఆగే చోటు కూడా వదల్లేదు. చువ్వ చివర మెత్తటి రబ్బరు అరచెయ్యి ఒకటి బిగించాను.

మొదటిసారి నడిపినప్పుడు వంద సీసాలు పోనిచ్చాం. ఒక్క ముడత లేదు. మా లేత్ మీద పనిచేసే ముసలి క్రెబ్స్ చేతులు తుడుచుకుంటూ వచ్చి కాసేపు చూశాడు.

"ఎవరో ఆడమనిషి నిలబడి అంటిస్తున్నట్టుందిరా" అన్నాడు.

నేను పొంగిపోయాను. అంతకంటే మెచ్చుకోలు ఏముంటుంది అనుకున్నాను.

నిమిషానికి నలభై చొప్పున రోజూ నడపడం మొదలుపెట్టాం. నాలుగో రోజుకి ఒక లోపం కనబడింది. పొద్దున సరిగ్గా పదింటికి లేబుళ్ళు వంకరపోయేవి. పావుగంట వంకరగా పడి, తర్వాత వాటంతట అవే సర్దుకునేవి. మర్నాడూ అంతే. కరెంటు తగ్గుతోందేమోనని కొలిచి చూశాను. జిగురుకి ఎండ తగులుతోందేమోనని కిటికీకి గోనె కట్టాను. చుట్ట మార్చాను, మోటారు మార్చాను. పదయ్యేసరికి వంకర.

ఒకరోజు పదింటికి ఆ రబ్బరు చేతిని నా చేత్తో పట్టుకుని చూశాను, ఎక్కడ తడబడుతోందో తెలుస్తుందని. క్యామ్ దాన్ని ముందుకి తోస్తోంది, అది నాకు తెలుసు. ఇంకేదో దాన్ని ఒడిసి పట్టుకుని వెనక్కి లాగుతోంది. బిగుతుగా, గుంజులాడుతూ, మనిషి మనిషిని పట్టుకున్నట్టే. యంత్రంలో అట్లా పట్టుకునే భాగం నేనేదీ పెట్టలేదు. చెయ్యి తీసేశాను. క్రెబ్స్‌కి మాత్రం చెప్పలేదు, నవ్విపోతాడని.

గీత తీసుకోవడంలోనే తప్పు జరిగిందేమో, మళ్ళీ తీద్దామని ప్యాకింగ్ హాలుకి వెళ్ళాను. డెల్ఫియా అత్త బెంచీ దగ్గర ఇంకెవరో ఉన్నారు.

"అత్త రావట్లేదు. చెయ్యి బాగోలేదంట" అంది పక్కనున్న ఆవిడ.

"ఎప్పటినుంచి?"

"పోయిన మంగళవారం నుంచి."

మేము యంత్రం మొదలుపెట్టింది సోమవారం. ఆ లెక్క నాకప్పుడు తట్టలేదు.

ఆమె తూర్పు వైపు ఐదో వీధిలో మేడమీద ఒక గది అద్దెకి తీసుకుని ఉండేది. మధ్యాహ్నం మూడింటికి వెళ్ళాను. గది తలుపు బార్లా తీసి ఉంది. కిటికీ పక్కన బల్ల ముందు కూర్చుని ఉంది. ఎండ ఆమె ఒళ్ళో పడుతోంది. కుడిచెయ్యి బల్ల మీద ఆడుతోంది.

వణుకు కాదు. వణికే చేతులు నేను చూశాను, మా నాన్నకి ఉండేది. ఇది పని చేస్తోంది. ముందుకి వెళ్ళి, సగం దారిలో ఆగి, మళ్ళీ వెళ్ళి, ఎత్తి, వెనక్కి వస్తోంది. మళ్ళీ అదే. బల్ల మీద పరిచిన మైనపు గుడ్డ ఆ చోట అరిగి తెల్లబడింది. మణికట్టు వాచి ఉంది.

"రా నాయనా, కూర్చో" అంది. "కాఫీ ఇద్దామంటే ఇది పెట్టనివ్వట్లేదు."

నేను గడియారం తీసి పట్టుకున్నాను. నిమిషానికి నలభై. ఆ సమయంలో మా షెడ్డులో క్రెబ్స్ వెయ్యి సీసాలు నడుపుతున్నాడు.

గుమ్మానికి ఎదురుగా వరండా గోడకి ఫోను ఉంది. అక్కడ నిలబడితే ఆమె కనబడుతుంది. షెడ్డుకి ఫోను చేశాను.

"క్రెబ్స్, యంత్రం ఆపు."

"ఏం, ఏమైనా కాలిపోతోందా?"

"ముందు ఆపు."

బల్ల మీద చెయ్యి ఆగింది. ఆమె ఆ చేతికేసి చూసింది, తర్వాత నాకేసి చూసింది.

"ఇప్పుడు నడుపు. ఏడు సీసాలు పోనిచ్చి మళ్ళీ ఆపు."

"తాగొచ్చావా ఏమిట్రా మధ్యాహ్నంపూట?" అని తిట్టుకుంటూనే నడిపాడు.

చెయ్యి లేచింది. ఇద్దరం పైకే లెక్కపెట్టాం. ఏడోసారి బల్ల మీద వాలి అట్లాగే ఉండిపోయింది. ఫోను పెట్టేసి గదిలోకి వచ్చి కూర్చున్నాను.

"ఓహో. నీ దగ్గరికా పోతోంది ఇది" అంది నెమ్మదిగా. "ఎవరి దగ్గరో కూలికి పోతోందని తెలుసు. పొద్దున ఎనిమిదింటికి మొదలుపెడుతుంది. పన్నెండింటికి అరగంట ఆగుద్ది, అన్నానికి కాబోలు. ఆదివారం లేదు. చర్చిలో ఊరుకుంటే దేవుడి దయ అనుకున్నా."

"పదింటికి ఏం చేస్తున్నావత్తా?"

"కాఫీకి ఎడం చేత్తో దీన్ని గట్టిగా పట్టుకుంటా, కప్పు ఒలక్కుండా. ఎంత పట్టుకున్నా గుంజుకుంటది."

వంకర లేబుళ్ళు కళ్ళముందు మెదిలాయి. నేను చెప్పాల్సిందంతా చెప్పాను. ఆ క్యామ్ గురించి, ఆమె గీతని అందులో ఎట్లా దించానో, గురువారం ఏం జరగబోతోందో. గురువారం కంపెనీవాళ్ళు వస్తారు. పొద్దున్నుంచి సాయంత్రం దాకా ఎనిమిది గంటలు, నిమిషానికి నూటపది చొప్పున యంత్రం నడవాలి. అప్పుడే వాళ్ళు తీసుకుంటారు.

ఆమె వాచిన మణికట్టుని ఒళ్ళో పెట్టుకుని నిమురుకుంది.

"నలభైకే ఇట్టా ఉంది. నూటపది అయితే ఊడొస్తది ఎమెట్టూ."

"నాకు తెలుసు."

"శుక్రవారం మా అన్న హార్లన్ కారు తీసుకుని వస్తున్నాడు. ఈ ఊరు నాకు చాలు, మా కొండకి పోతా. చిక్కుళ్ళు పెట్టాలి, బొంత సగం కుట్టి వదిలేశా. నాకు మొగుడు లేడు, బిడ్డల్లేరు, ఈ చెయ్యే ఉంది. నాది అందులోంచి తీసెయ్యి. తీసి నాకు తెచ్చియ్యి, పగలకుండా."

"తెస్తానత్తా" అన్నాను. మనసులో మాటే అన్నాను. ఇప్పటికీ ఆ సంగతి నాకు నేను చెప్పుకుంటూ ఉంటాను.

లెన్‌హార్ట్ గారికి జరిగింది చెబితే కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. చెడ్డమనిషి కాదు. "ఎమెట్, నువ్వు నాలుగు నెలలుగా నిద్రపోలేదు" అన్నారు. "క్యామ్ మారుస్తానంటే మార్చు, నేనడ్డు రాను. కానీ గురువారం పొద్దున ఎనిమిదింటికి ఆ యంత్రం నడవాలి. నడవకపోతే మనందరం ఇంటికే."

బుధవారం దాకా యంత్రం ముట్టుకోనివ్వలేదు ఎవర్నీ. కొత్త వంకర లెక్కగట్టాను. ఈసారి ఎవరి చెయ్యీ కాదు, శుద్ధ లెక్క. ఎక్కడా ఆగకుండా నున్నగా ఎక్కి నున్నగా దిగే గీత. అదమడం కొంచెం తగ్గుతుంది, వెయ్యిలో ఒకటి రెండు ముడతలు పడొచ్చు. దాన్ని వాళ్ళు ఒప్పుకుంటారని నమ్మకం కుదిరింది. కాగితం మీద అంతా సిద్ధం అయ్యాక అరలో చూస్తే ఆ మందం ఉక్కు బిళ్ళ ఒక్కటీ లేదు. సరుకు వచ్చేది శుక్రవారం.

క్రెబ్స్ నా తిప్పలు చూసి నవ్వాడు. "కొత్త బిళ్ళ దేనికిరా? పాతదాంట్లో బోలెడు కండ ఉంది. నీ కొత్త గీత దాని లోపలే పడుతుంది చూడు."

కొలిచి చూశాను. నిజమే. చుట్టూరా అంగుళంలో పదహారో వంతు లోపలికి సరిగ్గా కూర్చుంది. గట్టిపరిచిన ఉక్కుని పారేయడం మా షెడ్డులో ఎవరికీ చేతకాదు. కండ ఉన్నంతసేపు సానబట్టి ఇంకోదానికి వాడుకుంటాం. గురువు దగ్గర నేర్చుకున్న మొదటి సంగతి అదే. అత్త తెచ్చియ్యమన్న మాట గుర్తు రాలేదని అబద్ధం చెప్పను, గుర్తొచ్చింది. కానీ నా దృష్టిలో ఆమె చెయ్యి అంటే ఆ వంకర. ఉక్కుదేముంది, ఆకారమే కదా ఆమెది. ఆ ఆకారం లేకుండా చేస్తే చెయ్యి విడుదలైనట్టే అనుకున్నాను. యంత్రాలు చేసేవాడి బుర్ర అట్లాగే పనిచేస్తుంది.

బుధవారం సాయంత్రం నాలుగింటికి బిళ్ళని సానరాయికి పట్టించాను. మొదట ఆ ఆగే చోటే వచ్చింది. రాయి తగలగానే ఉక్కు కీచుమంది. నిప్పురవ్వలు రావాలి, చాలా తక్కువ వచ్చాయి. వాటికి బదులు వాసన వచ్చింది. గుర్రానికి నాడా వేసేటప్పుడు డెక్క కాలుతుంది చూడండి, ఆ వాసన.

క్రెబ్స్ తల ఎత్తాడు. "ఏం కాలుతోందిరా?"

"బెల్టేమో."

అతను లేచి బెల్టు పట్టుకుని చూశాడు. చల్లగా ఉంది. వెళ్ళి కిటికీ తెరిచాడు. నేను ఆపలేదు. పొద్దున ఎనిమిదింటికి యంత్రం నడవాలి, అత్త చెయ్యి బయటపడాలి. నా కళ్ళముందు ఆ రెండే ఉన్నాయి, ఆ రెంటికీ చేయవలసింది ఇదే అనిపించింది. ముప్పావుగంటలో బిళ్ళ అద్దంలా తయారైంది. వేలితో అంచు తడిమి చూస్తే ఎక్కడా ఏ గుర్తూ తగల్లేదు. చాలా రోజుల తర్వాత ఆ రాత్రి హాయిగా నిద్రపోయాను.

గురువారం యంత్రం ఎనిమిది గంటలు నడిచింది. యాభై రెండు వేల పైచిలుకు సీసాలు. ముడతలు నలభై లోపు. పదింటికి అందరికంటే ఎక్కువ భయపడింది నేను. పది దాటింది, పదింబావు అయింది, లేబుళ్ళు తిన్నగానే పడుతున్నాయి. రబ్బరు చేతిని పట్టుకుని చూశాను. దాంట్లో ఎవరూ లేరు. కంపెనీవాళ్ళు సంతకం చేసి వెళ్ళారు, లెన్‌హార్ట్ గారు నా వీపు తట్టారు. చొక్కా కూడా మార్చుకోకుండా ఐదో వీధికి పరిగెత్తాను.

డెల్ఫియా అత్త అదే బల్ల ముందు కూర్చుని ఉంది. కుడిచెయ్యి బల్ల మీద ఉంది. కదలట్లేదు.

"ఆగింది కదత్తా" అన్నాను గుమ్మంలోంచే.

"నిన్న నాలుగింటికి ఆగింది. మొదట మంట పుట్టింది, కాసేపు అరిచాను కూడా. తర్వాత చల్లబడిపోయింది. నిద్రపోయిందిలే, అలిసిపోయి ఉంటదనుకున్నా." ఎడం చేత్తో ఆ చెయ్యి ఎత్తి నా ముందు పెట్టింది. "ఇంకా లేవలేదు."

నేను ఆ చెయ్యి పట్టుకున్నాను. వాపు పోయింది. వెచ్చగానే ఉంది, నాడి కూడా కొట్టుకుంటోంది. అరచెయ్యి తిప్పి చూశాను. గీతలు లేవు. యాభై ఎనిమిదేళ్ళ మనిషి అరచేతిలో ఒక్క గీత లేదు. వేళ్ళ కొసల మీద ఉండే సన్నటి చుట్టలు కూడా లేవు. అంతా నున్నగా, ఒకే తీరుగా ఉంది. భర్త పోయాక ఆ చేతికి మార్చుకున్న పెళ్ళి ఉంగరం జారిపోయి బల్ల మీద పడి ఉంది. రెండు చేతులూ పక్కపక్కన పెట్టి చూస్తే కుడిది చుట్టూరా కొంచెం సన్నం. ఎంత సన్నమో నేను కొలవక్కర్లేదు, నాకు తెలుసు.

"సూదితో గుచ్చి చూశా. తెలవట్లేదు" అంది. "పర్లేదులే, నువ్వు వచ్చావుగా. తెచ్చావా నాది?"

నేను ఆ చేతిని మెల్లగా బల్ల మీద పెట్టాను.

"ఎమెట్టూ. నాది తీసి ఎక్కడ పెట్టావు?"

"దాన్ని విడిగా తియ్యలేదత్తా. అరగదీశాను."

"అరగదీస్తే ఏమైంది?"

"పొడి అయింది."

కిటికీ బయట వీధిలో ఎవరో కారు స్టార్టు చేస్తున్నారు. చాలాసేపు అది అందుకోలేదు. ఆమె తిట్టి ఉంటే బాగుండేది. తిట్టలేదు. ఆ చెయ్యి ఒళ్ళోకి తీసుకుని, నిద్రపోతున్న పిల్లని సర్దినట్టు సర్దుకుంది.

"అయితే ఆ పొడే తెచ్చియ్యి. రేపు పొద్దున తొమ్మిదింటికి బయల్దేరతాం" అంది.

షెడ్డుకి వెళ్ళి సానరాయి కింది తొట్టి బయటికి లాగాను. బురదలాంటి మడ్డి. అందులో రాయి పొడి ఉంది, నూనె ఉంది, అంతకుముందు వారం సానబట్టిన పనిముట్ల పొడి కూడా ఉంది. కిరోసిన్‌తో కడిగి, ఆరబెట్టి, అయస్కాంతం పెట్టి ఇనుప పొడి వేరుచేశాను. క్రెబ్స్ వచ్చి నిలబడి, ఏం చేస్తున్నావని అడగకుండా, అయస్కాంతం పట్టుకుని సాయం చేశాడు. అంతా కలిపి ఒక ఆవాల సీసా నిండింది.

శుక్రవారం పొద్దున హార్లన్ మేడ మీంచి సామాను కిందికి దింపుతున్నాడు. పొడుగ్గా, ఎవరితోనూ మాట్లాడని మనిషి. డెల్ఫియా అత్త కోటు వేసుకుని గుమ్మంలో నిలబడి ఉంది. కుడిచెయ్యి కోటు జేబులో పెట్టుకుంది. నేను సీసా ఇచ్చాను. ఎడం చేత్తో తీసుకుని వెలుగుకి ఎత్తి చూసింది.

"ఇదంతా నాదేనా?"

"ఎక్కువ నీదే."

"ఎక్కువ" అంది. సీసాని వంచింది. లోపల పొడి ఒక పక్కకి జారింది. జేబులో చేతికేసి చూసుకుంది, ఏమైనా తెలుస్తుందేమోనని కాబోలు. నేనూ అక్కడే చూశాను. ఏమీ లేదు.

"సరే, పేరు రాసి అంటించు. లేకపోతే మా హార్లన్ మిరియాల పొడి అనుకుని గుడ్ల మీద చల్లుకుంటాడు."

నా జేబులో ఎప్పుడూ నాలుగు ఖాళీ లేబుళ్ళు ఉండేవి. ఒకదాని మీద డెల్ఫియా కూంబ్స్ అని రాసి, మైనపు కాగితం ఒలిచి, సీసా తిరిగి తీసుకుని గోడకి ఆనించి దానికి అంటించాను. మధ్యలో గాలి చేరి బుడగ లేచింది. ఇన్ని వేల సీసాలకి యంత్రం చేసినవాణ్ణి, నా చేత్తో ఒక్కటి సరిగ్గా అంటించడం నాకు రాదు.

ఆమె ఆ బుడగ చూసింది. చూడగానే కుడిభుజం పైకి లేచింది. ముందుకి వచ్చి, ఆగింది. మళ్ళీ ఒకసారి లేచింది. జేబులో చెయ్యి పెట్టినచోటే ఉంది.

"నువ్వే నొక్కు" అంది.

బొటనవేలితో నొక్కాను. బుడగ పోయి ముడత పడింది.